నాలుగో బెలూన్

నా చేతులతో ఒక మనిషి కళ్ళు కాల్చాను. అవే చేతులతో, నిమిషం తిరక్కముందే, ఆ కళ్ళు కడిగాను. కడుగుతుంటే ఆయన నా పై పన్ను ఒకటి ఊడగొట్టాడు. ఆ సందులోకి నాలుక ఇప్పటికీ తనంతట తానే పోతుంది, ఇది రాస్తున్నప్పుడు కూడా.

పలమనేరు దగ్గర ఒక పాల శీతల కేంద్రంలో నాకు పని. పల్లెల నుంచి వచ్చే క్యాన్లను దించడం, పాలను తొట్టిలోకి వంచడం, ఖాళీ క్యాన్లను కడగడం. ఆ పాలను చల్లబరిచేది అమోనియా. పక్క గదిలో లావుపాటి ఇనుప గొట్టాల్లో అది ద్రవంగా, వాయువుగా మారుతూ తిరుగుతుంటుంది. ఆ గది మొత్తం ఒక ఆపరేటర్ చేతిలో ఉండేది. యాభై దాటిన మనిషి. తమిళనాడు సరిహద్దు పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, గొట్టం మీద అరచెయ్యి పెట్టి లోపల ఏం జరుగుతోందో చెప్పేంతగా పని నేర్చుకున్నాడు. చుట్టరికం లేకపోయినా నేను ఆయన్ను మామా అనేవాణ్ణి.

నేను పదో తరగతితో ఆగిపోయాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా శాఖా గ్రంథాలయంలోనే. దానికి సెలవైన శుక్రవారం తప్పితే, డ్యూటీ దిగాక నేను అక్కడ కూర్చోని రోజు తక్కువ. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ పుస్తకాన్ని తమంతట తాము తెరవలేదు. పేపర్లు అయిపోయాయి, నవలలు అయిపోయాయి, చివరికి అడుగు అరలో అట్ట ఊడిన ఇంటర్మీడియెట్ రసాయనశాస్త్రం దొరికింది. మేం రోజూ పీల్చే ఘాటు పేరు అందులో కనిపించేసరికి దాన్ని వదల్లేదు. అర్థం కాని పేజీని మళ్ళీ మళ్ళీ చదివాను. అణువుల ఆకారాలను ముందుగా చెప్పే పద్ధతి ఉన్న పాఠం ఒక్కటే నెల రోజులు పట్టింది.

ఆ పాఠం చదివితే కొట్లాట చదివినట్టే ఉంటుంది. మధ్యలో ఒక పరమాణువు. దాని చుట్టూ ఎలక్ట్రాన్లు జంటలు జంటలుగా. ఏ జంటకూ ఇంకో జంట పక్కన ఉండటం గిట్టదు. తోసుకుంటాయి. ఒకదానికి ఒకటి అందనంత దూరం జరిగి, ఇక జరగడానికి చోటు లేక ఆగుతాయి. ఆ ఆగిన తీరే అణువు ఆకారం. రెండు జంటలైతే ఎదురెదురుగా, తిన్నటి గీతలా. మూడైతే బల్ల మీద పరిచిన త్రిభుజంలా. నాలుగైతే బల్ల చాలదు. ఒకటి పైకి, మూడు కిందికి వాలి నాలుగు మూలల గోపురం అవుతుంది. జంటలు ఎన్నో లెక్కపెట్టడం వస్తే చాలు, ఎవరూ చూడని అణువు ముఖం మనం చెప్పొచ్చు. గ్రంథాలయం బల్ల దగ్గర అది మొదటిసారి తలకెక్కిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

అమోనియాలో నైట్రోజన్ చుట్టూ నాలుగు జంటలు. మూడు జంటల చివర మూడు హైడ్రోజన్లు. నాలుగోదాని చివర ఎవరూ లేరు. దాన్ని ఒంటరి జంట అంటారు. పట్టుకునేవాళ్ళు లేరు కాబట్టి అది ఎక్కువ చోటు ఆక్రమించి, మిగతా మూడింటినీ ఇంకా దగ్గరకు నెడుతుంది. అందుకే నూట తొమ్మిదిన్నర డిగ్రీలు ఉండాల్సిన కోణం నూట ఏడుకు కుదించుకుపోతుంది. ఇది నాకు చదవగానే అర్థమైంది, ఎందుకంటే మా ఉమ్మడి ఇంట్లో నలుగురు అన్నదమ్ముల్లో మా చిన్నాయన ఒక్కడే పెళ్ళి చేసుకోలేదు. ఆయన తాగి పలుగు పట్టుకుని నడవలోకి వస్తే, మిగతా మూడు కాపురాలూ ఒకే గదిలోకి పోయి ఒకరి భుజం ఒకరికి తగులుతూ నిలబడేవి. ఒకసారి ఆ పలుగు మా నాయన మోచేతి మీద పడింది. ఆ చెయ్యి మళ్ళీ తిన్నగా చాచలేదు. ఎన్ని డిగ్రీలో నేను కొలవలేదు.

మామకు ఇదంతా చెప్పాలని నాకు ఆశ. గొట్టం కారుతోందని అనుమానం వచ్చినప్పుడు ఆయన గంధకం వత్తి వెలిగించి కీళ్ళ వెంట తిప్పేవాడు. కారే చోట పొగ చిక్కబడి తెల్లగా మారేది. ఒక రోజు ఆయన అట్లా తిప్పుతుంటే అన్నాను, "మామా, నీ వత్తి పొగ అణువు వంగి ఉంటుంది. అమోనియాదేమో చిన్న గోపురం."

"నువ్వు సూసినావా?"

"కంటికి కనపడదు మామా. లెక్కేసి చెప్పొచ్చు."

"సూడకుండానే ముక్కూ మొగం బాగుండాదని సెప్తాండావు. నా పెండ్లిలో సమ్మందం తెచ్చిన తరగరి కూడా ఇట్నే సెప్పినాడప్పా." వాల్వు దగ్గర వత్తి ఆర్పి, నవ్వకుండానే అన్నాడు. నేను నవ్వాను. అప్పటికి మా మధ్య ఏమీ చెడలేదు.

చెడింది మాక్ డ్రిల్ రోజున. ఏడాదికోసారి మేనేజరు అందరినీ వరండాలో నిలబెట్టి, అమోనియా కారితే ఏం చెయ్యాలో ఆపరేటర్ చేత చెప్పించేవాడు. ఆయన ఎప్పటిలాగే చెప్పాడు. "గాలి యాడనుంచి వస్తాందో ఆ దిక్కుకు పరిగెత్తండి. తడిగుడ్డ మూతికి కట్టుకోండి. నేల మీద మడుగు కట్టినాదంటే దాని మీద నీళ్ళు మాత్రం పొయ్యొద్దు."

"ఎందుకు?" అన్నాడు మేనేజరు.

"పొయ్యగూడదు సార్. నాకు పని నేర్పిన పెద్దాయన సెప్పినాడు."

నేను చెయ్యెత్తాను. ఆ వారమే కాణిపాకం పోయి, గుడి వీధిలో కొన్న బెలూన్లు జేబులోనే ఉన్నాయి. మూడు ఎర్రవి చిన్నగా, ఒక తెల్లది పెద్దగా ఊది, నాలుగింటి మూతులూ ఒకే ముడిలో కట్టాను. అవి ఎవరూ సర్దకుండానే తోసుకుని గోపురంలా విప్పారాయి. ఆడవాళ్ళు "అబ్బ!" అన్నారు. ఎర్రవి హైడ్రోజన్లు, తెల్లది ఒంటరి జంట అని చెప్పాను. ఈ తెల్లదానికి తోడు లేదు, నీటిలోని హైడ్రోజన్ కనిపిస్తే ఎగబడి పట్టుకుంటుంది, అందుకే ఒక వంతు నీళ్ళలో వందల వంతుల అమోనియా వాయువు ఇమిడిపోతుంది, కాబట్టి నీళ్ళు పొయ్యాల్సిందే అన్నాను. మేనేజరు చప్పట్లు కొట్టాడు. వారం తిరక్కుండా యంత్రాల గది గుమ్మం పక్కన కొళాయికి పొడుగాటి పైపు బిగించారు.

క్యాన్లు కడిగే చోటికి మామ వచ్చాడు. తడి చేత్తో కొట్టాడు. నేను గోడకు తగిలి, పేర్చిన మూతల మీద పడ్డాను. ఇనుప మూతలు చాలాసేపు దొర్లాయి.

"పిలకాయలు ఊదుకునేటివి జూపించి నా నోరు మూపిస్తావా? ఆ గదిలో నా ఊపిరి సగం పోయింది రా. నీకు బుక్కులో రెండు పేజీలు."

"తప్పయితే పుస్తకంలో ఎందుకు రాస్తారు?" అన్నాను, మూతల మీద పడి ఉండే.

ఆయన ఇంకోసారి చెయ్యెత్తి, దించేశాడు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదని నాకు అప్పుడు సంతోషం వేసింది. చెంప మండుతున్నా సంతోషమే.

మూడు నెలల తర్వాత ఒక ఉదయం, పాలు దించడం అయిపోయాక, ఆయన యంత్రం నూనె వదలడానికి కూర్చున్నాడు. కంప్రెసర్ నూనె కొంత అమోనియాతో పాటు పోయి గొట్టాల అడుగున చేరుతుంది. దాన్ని అప్పుడప్పుడు చిన్న వాల్వు గుండా బకెట్లోకి వదలాలి. నూనె అయిపోయిన మరుక్షణం వాల్వు మూసెయ్యాలి. ఆ రోజు అది మూతపడలేదు. బుస్సుమన్న శబ్దం విని నేను గుమ్మం దగ్గరకు పరిగెత్తేసరికి నూనె వెనకాలే ద్రవ అమోనియా వచ్చేస్తోంది. నేల మీద చాటంత మడుగు, చూస్తుండగానే చాపంత అయింది. దాని మీద తెల్లటి పొగ లేవకుండా నేలను పట్టుకుని పాకుతోంది. ఘాటుకు నా ముక్కులోంచి, కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

మామ పారిపోలేదు. తడి టవాలు మూతికి చుట్టుకుని, మడుగు పక్కనుంచి వంగి నడుచుకుంటూ లోపలి పెద్ద వాల్వు దగ్గరకు పోయాడు. కంటికి రక్షణగా ఇచ్చిన కళ్ళద్దాలు మేకుకు వేలాడుతున్నాయి, పట్టీ తెగి. ఆయన చక్రం తిప్పుతున్నాడు. నేను పైపు తీశాను.

ఆయన చూశాడు. ఒక చేత్తో చక్రం పట్టుకునే రెండో చేత్తో వద్దని ఊపాడు. ఆ చెయ్యి నేను చూశాను. చూడలేదని చెప్పుకుంటే బాగుండేది. ఇంకా నా మీద పంతమే అనుకున్నాను. మడుగు నడిమికి నీళ్ళు వదిలాను.

కాగే నూనెలో నీళ్ళు పడితే వచ్చే చప్పుడు అందరికీ తెలుసు. ఆ చప్పుడు గది నిండా వచ్చింది. మడుగు నేల మీద నుంచి లేచింది. మనిషి ఎత్తు తెల్లటి గోడ ఒకటి విరుచుకుపడి మామను మింగేసింది. లోపలి నుంచి వచ్చిన కేక మనిషిది అనిపించలేదు. నేను పైపు పారేసి, ఊపిరి బిగబట్టి, నేల మీద పాకాను. కాలు దొరికితే పట్టుకుని ఈడ్చాను. తర్వాత చూస్తే పెద్ద వాల్వు పూర్తిగా మూసి ఉంది. చివరి చుట్టు ఆయన కళ్ళు కాలాక తిప్పాడు.

క్యాన్లు కడిగే కొళాయి కిందికి లాగి, ఆయన తలను సిమెంటు గట్టుకు అదిమాను. కళ్ళు గట్టిగా బిగించి గింజుకుంటున్నాడు. రెప్పలు వేళ్ళతో విడదీసి నీళ్ళ ధార పెట్టాను. ఆ పాఠంలో ఈ ముక్క కూడా ఉంది, నేను అప్పటిదాకా మందు సీసా మీది చిన్న అక్షరాల్లా దాటేసిన ముక్క: అమోనియా కంటి తడిలోని హైడ్రోజన్‌ను కూడా అట్లాగే పట్టుకుంటుంది. క్షారం అవుతుంది. పైపైన ఆగదు, లోపలికి తింటూ పోతుంది. కడగడం ఆపితే మళ్ళీ మొదలు.

"పాలు పొయ్యండప్పా!" అని అరిచింది మాతో క్యాన్లు మోసే ఒకామె. "పాలు సల్లన. కంట్లో దేనికైనా మా యమ్మ పాలే పోస్తాది." అప్పటికే ఎవరో చెంబుతో ముంచుకొచ్చారు. చుట్టూ వేల లీటర్ల చల్లటి పాలు. అంతకంటే మంచి మందు ఆ పూట ఎవరికి తోస్తుంది?

"పాలొద్దు. నీళ్ళే. పావుగంట నీళ్ళే," అన్నాను.

"నీళ్ళు పోసేగదరా ఇంత సేసినావు!"

అన్నది మామ అల్లుడు. పాల వ్యాన్ డ్రైవరు. కేక విని బండి దిగి వచ్చాడు. ఏం జరిగిందో ఎవరో చెప్పేశారు. క్యాన్ మూత తీసుకుని నా వీపు మీద కొట్టాడు. ఇనుప అంచు చొక్కాను, కింద తోలును చీల్చింది. "ఇడువు రా మా మామని! సంపేస్తాండావు!" మళ్ళీ కొట్టాడు. నేను మామ మీదికి వంగి పడుకున్నాను, తల మాత్రం వదల్లేదు. కింద నుంచి మామ గుడ్డిగా పిడికిళ్ళు విసురుతున్నాడు. ఒకటి నా నోటికి తగిలింది. పన్ను నాలుక మీద పడింది. ఉమ్మేసి, గోడ గడియారం చూసుకుంటూ, కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్ళీ కుడి కన్ను. వాళ్ళకు నా మాట నమ్మడానికి కారణం ఒక్కటీ లేదు. అరగంట ముందైతే మేనేజరు మెచ్చిన మనిషిని. ఇప్పుడు నోట్లో రక్తంతో నీళ్ళు నీళ్ళు అని కలవరించేవాణ్ణి.

అల్లుడు నన్ను పీకేసేవాడే. ఆపింది మామే. పెదాలు కదిలాయి.

"పొయ్యనీ," అన్నాడు. "వాడు సెప్పేది... ఇప్పుడు సరే. పొయ్యనీ."

ఎట్లా తెలిసిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. బహుశా మంట నీళ్ళున్నప్పుడు తగ్గి, ధార పక్కకు పోగానే ఎగదన్నడం ఆయనకే తెలిసి ఉంటుంది. ఆ తర్వాత అల్లుడే వచ్చి, గింజుకోకుండా మామ కాళ్ళు పట్టుకున్నాడు. ఏడుస్తూ నన్ను తిడుతూనే పట్టుకున్నాడు.

పలమనేరు ఆసుపత్రిలో ఇంకా కడిగి, చిత్తూరు మీదుగా తిరుపతి పంపారు. కంటి డాక్టరమ్మ చూసి, "ఎంతసేపు కడిగారు?" అంది. చెప్పాం. "ఎడమది బాగా తినేసింది. కుడిది కట్టు విప్పాకే చెప్పగలను," అంది. రెండూ పోతే మామ మళ్ళీ ఆ గదిలోకి రాడు. గొట్టం మీద అరచెయ్యి పెట్టడం వచ్చినా, ప్రెషర్ మీటర్ ముల్లు చూడలేనివాడికి ఆ గది ఎవరు అప్పగిస్తారు? ఆయనకు ఇంకో పని తెలియదు. కేంద్రంలో మేనేజరు ప్రమాదం రిపోర్టులో, కళ్ళద్దాలు పెట్టుకోకపోవడం ఆపరేటర్ తప్పు అని రాయబోతే, చెయ్యి ఊపి వద్దన్నా నీళ్ళు పోసింది నేనని రాయించి సంతకం పెట్టాను. నెల రోజులు పనిలోకి రావద్దన్నారు.

ఆ నెలలో మళ్ళీ మూడుసార్లు తిరుపతి పోయాను. మొదటిసారి అల్లుడు వార్డు గుమ్మంలోనే కాలర్ పట్టుకుని మెట్ల దాకా తోసుకొచ్చాడు. రెండోసారి మామే పిలిపించాడు. రెండు కళ్ళకూ కట్టు. మొహం తోలు పొరలు పొరలుగా లేచి ఉంది.

"ఆ పొద్దు జూపిస్తివే, దాన్ని నా సేతికియ్యి."

బయటికి పోయి, దొరికినవాటితో చేసి తెచ్చాను. ఒక నిమ్మకాయ. దానికి మూడు చీపురు పుల్లలు, పుల్లల చివర నానిన శనగలు. నాలుగో దిక్కున పుల్ల లేదు, ఊదిన తెల్ల బెలూన్ దారంతో కట్టి ఉంది. ఆయన వేళ్ళు దాని మీద చాలాసేపు తిరిగాయి. గొట్టం కీలు వెతికినట్టే ప్రతి సందూ వెతికాయి.

"ఇదేనా నా కండ్లు తినింది?"

"ఇదే మామా."

"దీంట్లో సలి యాడుండాది?"

నాకు అర్థం కాలేదు.

"ఆ మడుగు ఎంత సలి తెలుసునా నీకు? దానికి మన కొళాయి నీళ్ళే నిప్పు. నీళ్ళు పడితే మరగదా? సెప్పు. దీంట్లో సలి యాడుండాది, యేడి యాడుండాది? ఆ పొద్దు కారినేటివి ఇట్లాటివి ఎన్ని కోట్లు, నువ్వు సూపించింది ఎన్ని?"

 క్యాన్లు కడిగే చోట నా ప్రశ్న ముందు ఆయన నిలబడ్డట్టే నేను నిలబడ్డాను. ఆయన ఒక పుల్ల పీకి, తడుముకుంటూ తెల్ల బెలూన్‌లో పొడిచాడు. అది పేలిన చప్పుడుకు వార్డంతా ఉలిక్కిపడింది. అల్లుడు గోడకు అతుక్కున్నాడు. మామ నిమ్మకాయను నా వైపు విసిరాడు. గురి ఎక్కడో పోయి అది మంచం కిందికి దొర్లింది.

తిరిగి వచ్చిన మర్నాడే గ్రంథాలయానికి పోయాను. అదే పుస్తకం, ఎనభై పేజీలు అవతల, నేను తెరవని అధ్యాయంలో ఉంది. అమోనియా మరిగేది సున్నాకు ముప్పై మూడు డిగ్రీల కింద. నీళ్ళలో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి, నీళ్ళలో అప్పటికే ఉన్న వేడికి, కలవగా మిగిలిన ద్రవం ఒక్కసారిగా ఆవిరై లేస్తుంది. గాల్లో తేలే ఆవిరి మీద నీటి తుంపర చల్లొచ్చు, నేల మీది మడుగును మాత్రం ముట్టకూడదు. ఆకారం సరిగ్గానే చెప్పాను. ఒంటరి జంట ఎగబడి పట్టుకుంటుందన్నదీ నిజమే. పట్టుకునేటప్పుడు ఏమవుతుందో చదవకముందే బెలూన్లు ఊదాను. పేజీ మీద తల పెట్టి కూర్చున్నాను. లైబ్రేరియన్ వచ్చి, "నిద్ర వస్తే ఇంటికి పోప్పా," అన్నాడు.

మూడోసారి పోయింది కట్టు విప్పే రోజు. డాక్టరమ్మ ముందు ఎడమది విప్పింది. నల్లగుడ్డు మీద పాలు ఒలికినట్టు తెలుపు. "వెలుగు తెలుస్తోందా?" అంటే "పొగ," అన్నాడు. తర్వాత కుడిది. ఎర్రగా ఉంది, నీళ్ళు కారుతోంది. రెప్ప చాలాసేపు కొట్టుకుంది.  ఆ కన్ను కిటికీ వైపు తిరిగింది, అల్లుడి వైపు తిరిగింది, గుమ్మంలో నిలబడ్డ నా మీద ఆగింది.

"రా ఇట్లా," అన్నాడు.

దగ్గరకు పోయాను. మడుగు సంగతి, ముప్పై మూడు డిగ్రీల సంగతి చెప్పాలని నోట్లోనే ఉంది. ఆయన చెయ్యి లేచింది. దెబ్బ నా చెంపకు బెత్తెడు దూరంలో గాల్లో పోయింది. డాక్టరమ్మ "ఏయ్!" అంది. అల్లుడు తల దించుకున్నాడు. ఒక్క కంటికి దూరం అందదని అందరికీ అర్థమైంది, ఆయనకు కూడా. కాసేపు తన చెయ్యిని తానే చూసుకున్నాడు.

తర్వాత ఎడమ చేత్తో నా కాలర్ పట్టుకున్నాడు. నన్ను తన ముందుకు లాక్కుని, వేళ్ళతో నా చెంప ఎక్కడుందో తడిమి, కొలత తీసుకున్నాడు.

రెండో దెబ్బ తప్పలేదు.